హీరో బానెట్ ఎత్తితే చాలు!

మన సినిమాల్లో కారు ఆగిపోవడం ఎంత తేలికో, మళ్ళీ బయల్దేరడం అంతకన్నా తేలిక. వాన పడుతూంటుంది. హీరోయిన్ స్టీరింగు మీద ఓ దెబ్బ వేసి విసుక్కుంటుంది. ఎక్కణ్ణుంచో హీరో ఊడిపడతాడు. బానెట్ ఎత్తుతాడు. లోపల ఏదో ఓ వైరు పట్టుకు లాగుతాడు, లేకపోతే దేన్నో నోటితో ఉఫ్‌మని ఊదుతాడు. "ఇప్పుడు స్టార్ట్ చెయ్యండి" అంటాడు. అంతే! బండి బయల్దేరుతుంది, దాని వెనకాలే డ్యూయెట్టూ బయల్దేరుతుంది. ఆ మహానుభావుడు లోపల బాగుచేసిందేమిటి? లాగిన వైరేమిటి? ఈ సందేహం నాకు చిన్నప్పట్నుంచీ ఉంది. కెమెరాని బానెట్ లోపలికి పెట్టి చూపించిన పుణ్యాత్ముడు ఇంతవరకూ ఒక్కడూ నా కంటపడలేదు.

1958లో వచ్చిన హిందీ సినిమా 'చల్తీ కా నామ్ గాడీ'ని మాత్రం ఈ లెక్కలోంచి తీసేయాలి. అందులో వానరాత్రి మొరాయించిన కారుతో మధుబాల గ్యారేజీకే వస్తుంది. బాగుచేసిన కిశోర్ కుమార్ పాత్ర వృత్తి రీత్యా మెకానిక్కే. కాబట్టి క్షమించేద్దాం!

సరే, అసలు సంగతికొస్తాను. పోయిన మే నెలలో ఆ హీరో పాత్ర నా నెత్తిన పడింది. వాన లేదు, డ్యూయెట్టు లేదు. ఎర్రటి ఎండ, చుట్టూ యాభైమంది యూనిట్, మధ్యలో మా నాన్నగారి స్టాండర్డ్ హెరాల్డ్!

ఈ తరం పాఠకులకి హెరాల్డ్ అంటే ఏమిటో చెప్పాలి. ఇంగ్లండులో 1959లో పుట్టిన ట్రయంఫ్ హెరాల్డ్‌ని మద్రాసు శివార్లలో వండలూరు దగ్గర 1961 నుంచీ స్టాండర్డ్ పేరుతో తయారుచేశారు. గీత గీసినవాడు ఇటలీ దేశస్థుడు మిఖెలొట్టి. ఇంజను 948 సీసీ, నాలుగు సిలిండర్లు. దీని గొప్పంతా ముందు భాగంలో ఉంది. మామూలు కార్లకి బానెట్ పెట్టె మూతలాగా లేస్తుంది కదా, దీనికి అలా కాదు. రెండు పక్కలా గొళ్ళేలు విప్పితే బానెట్, మడ్‌గార్డులు, హెడ్‌లైట్లు, మొత్తం మొహమంతా ముందుకి వాలిపోతుంది. ఇంజను నిలువునా బయటపడుతుంది. మెకానిక్కు దర్జాగా ముందు టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. రిపేరు చేసేవాడి నడుం గురించి ఆలోచించి గీసిన కారు ఇదొక్కటే అంటారు మా నాన్నగారు.

మాది 1969 మోడల్, నాలుగు తలుపులది. దాన్ని 'వింటేజ్' అంటే ఇంగ్లీషు పెద్దమనుషులు ఒప్పుకోరు. వాళ్ళ లెక్కలో ఆ మాట 1919 నుంచి 1930 దాకా తయారైన బళ్ళకే చెల్లుతుంది. మన దేశంలో మాత్రం 2021లో తెచ్చిన నియమాల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండి వింటేజే. ఆ లెక్కన మాదీ ఒకటి!

మా నాన్నగారు వడపళనిలో ఎడిటింగ్ రూముల్లో అసిస్టెంటుగా పనిచేసే రోజుల్లో, 1986లో, దాన్ని మూడో చేతిమీద కొన్నారు. అప్పటికి నేను పుట్టలేదు. పరిశ్రమతోపాటు మేమూ హైదరాబాదు వచ్చేశాం. సామాను లారీలో వచ్చింది, మేం హెరాల్డులో వచ్చాం. దార్లో ఎన్నిసార్లు ఆగిందో అమ్మ ఇప్పటికీ వేళ్ళమీద లెక్కపెట్టి చెబుతుంది.

చెప్పొద్దూ, ఆ బండి ఈ ఏడు మా చేతిలోంచి జారిపోబోయింది. నాన్నగారికి రెండు కళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ చేయించాల్సొచ్చింది. ఫ్రీలాన్సు పాత్రికేయుల ఇనప్పెట్టెల సంగతి మీకు తెలియనిదా! ఓ హోటలాయన కబురంపారు. ఇంజను తీసేసి, లోపల బల్ల వేసి, హోటలు గుమ్మంలో పెడతారట. జనం అందులో కూర్చుని దోసెలు తింటూ ఫొటోలు దిగుతారట. అడ్వాన్సిచ్చారు. తీసుకున్నాం. ఆ డబ్బు ఆస్పత్రిలో కట్టేశాం. నెలాఖరు ఆదివారం లోపల అడ్వాన్సు తిరిగిచ్చేస్తే బేరం రద్దు, లేకపోతే సోమవారం బండి ఆయనది. ఇదీ ఒప్పందం.

నాన్నగారు "సరేలేమ్మా, ఇనుమే కదా" అన్నారు. ఆ రాత్రి నాకు రిత్విక్ ఘటక్ తీసిన 'అజాంత్రిక్' గుర్తొచ్చింది. చిత్రమేమిటంటే అదీ 1958దే. అందులో డ్రైవరు బిమల్ తన డొక్కు కారు జగద్దళ్‌ని మనిషికన్నా ఎక్కువగా చూసుకుంటాడు. చివరికది పాత ఇనుము కింద పోతుంది. కాలేజీలో చూసినప్పుడు అదో గొప్ప కళాఖండమని వ్యాసం కూడా రాశాను. ఇప్పుడు చూడమంటే మాత్రం చూడలేను.

అలాంటి సమయంలో ఓ సినిమావాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. డెబ్భైల నాటి కథ, రెండు రోజుల పని. వాళ్ళిచ్చే అద్దె, హోటలాయన అడ్వాన్సు దాదాపు సమానం. కాయితం మీద ఓ షరతు: బండి తనంతట తాను నడిస్తే పూర్తి అద్దె, తోసి నడిపిస్తే సగం. నేను చూసుకోకుండా సంతకం పెట్టలేదండోయ్, చూసే పెట్టాను. ధైర్యం అలాంటిది!

మొదటిరోజు చక్కగా గడిచిపోయింది. బండిని చెట్టుకింద నిలబెట్టి, దాని పక్కన ఏవో మాటలు తీసుకున్నారు. రెండోరోజే అసలు సీను. హీరోయిన్ కారు నడుపుకుంటూ వస్తుంది, పాత బంగళా ముందు కారు ఆగిపోతుంది, హీరో వచ్చి బానెట్ ఎత్తుతాడు. నవ్వకండి. నేనూ నవ్వాను, పొద్దున తొమ్మిదింటిదాకా.

తొమ్మిదింటికి రిహార్సల్లో బండి దగ్గడం మొదలుపెట్టింది. ఖళ్ ఖళ్‌మని నాలుగు అడుగులు, ఓ ఊపు, మళ్ళీ నాలుగు అడుగులు. ఆగింది. ఇది నాకు తెలిసిన జబ్బే. పెట్రోలు అందక ఆయాసపడే బండి ఇలాగే దగ్గుతుంది. పెట్రోలు పంపు మీద చిన్న గాజు గిన్నె ఉంటుంది. చూస్తే అడుగున కాఫీ మడ్డిలాగా తుప్పు. టాంకులో యాభై ఏళ్ళ తుప్పుందని తెలుసు, కానీ ఇన్నాళ్ళూ అది గోడల్ని కరుచుకుని బుద్ధిగా ఉండేది. ఇప్పుడు మనం పోయించుకునే పెట్రోలు ఆ రోజుల నాటిది కాదు కదా! 2025కల్లా ఇరవై శాతం ఇథనాల్ కలిపే స్థాయికొచ్చాం. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, పాత మడ్డిని కదిలిస్తుంది, ఆనాటి రబ్బరు గొట్టాల్ని, పంపులో డయాఫ్రంని మెత్తబరుస్తుంది. కొత్త కార్లని దానికి తగ్గట్టు తయారుచేస్తున్నారు. మా హెరాల్డుకి ఆ ముందుచూపు ఎక్కణ్ణుంచి వస్తుంది?

పంపు దగ్గర గొట్టం విప్పి, టాంకు మూత తీసిపెట్టి, సైకిలు పంపుతో వెనక్కి గాలి కొట్టాం. గిన్నె కడిగాం, జాలీ కడిగాం. పంపు కింద చేత్తో ఆడించే చిన్న మీట ఉంటుంది. దాన్ని ఇరవైసార్లు ఆడిస్తే గిన్నె నిండింది. కీ తిప్పాను. స్టార్ట్! యూనిట్‌లో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నాకు కొంచెం పొగరెక్కిన మాట వాస్తవం.

రెండు టేకులయ్యాయి. పదకొండున్నరకి లైటింగు మారుస్తూ, శబ్దం ఎలా ఉంటుందో చూడాలని, ఇంజను ఆపొద్దన్నారు. ఇరవై నిమిషాలు అలా నిలబడ్డ చోటనే తిరిగింది. ఆగిపోయింది.

ఇక్కడే నేను తప్పుచేశాను. పొద్దున పెట్రోలు జబ్బు కాబట్టి ఇదీ పెట్రోలు జబ్బే అనుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళూ అదే అన్నారు. జనరేటరు అబ్బాయి "వేడికి పెట్రోలు ఆవిరైపోతుంది మేడమ్, పంపుమీద తడిగుడ్డ వెయ్యండి" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. ఎండాకాలం పాత బళ్ళలో గొట్టంలోనే పెట్రోలు ఆవిరై పంపుకి అందకుండా పోవడం ఉన్నదే. తడిగుడ్డ వేశాం. పావుగంటాగి కీ తిప్పితే స్టార్టయింది! చూశారా అన్నాడు. పన్నెండున్నరకి మళ్ళీ ఆగింది. మళ్ళీ తడిగుడ్డ, మళ్ళీ పావుగంట, మళ్ళీ స్టార్ట్. మూడోసారీ అంతే. తడిగుడ్డ మహత్యం మీద యూనిట్‌లో అందరికీ గురి కుదిరింది. బండి కోలుకున్నది గుడ్డ వల్ల కాదు, పావుగంట వల్ల అని నా మట్టిబుర్రకి తట్టలేదు.

భోజనాల వేళ నేను కార్బురేటర్ విప్పాను. జెట్లు తీసి ఊదాను, ఫ్లోట్ చూశాను, మళ్ళీ బిగించాను. ఏమీ లేదందులో. అనవసరంగా ఓ గాస్కెట్టు చింపుకున్నాను.

రెండింటికి ప్రొడక్షన్ మేనేజరు వచ్చారు. పెద్దమనిషి, మాట కటువు కాదు. "ఎందుకు మేడమ్ అంత ఆయాసం? ఎనిమిదిమంది లైట్‌బాయ్స్ ఉన్నారు, వెనకనుంచి తోసేస్తాం. ఫ్రేములో మనుషులు పడరు. ఇంజను సౌండు తర్వాత వేసుకుంటాం" అన్నారు. అక్షరాలా నిజం. తెర మీద మీరు చూసి మురిసిపోయే పాతకార్లలో కొన్నిటికి లోపల ప్రాణం ఉండదు. మనుషులు తోస్తారు, లేకపోతే తాడు కట్టి లాగుతారు, 'బ్రూమ్' శబ్దం స్టూడియోలో కలుస్తుంది. దాన్నెవరూ తప్పుపట్టరు. కానీ ఆయన జేబులో ఉన్న కాయితం మీద 'తోస్తే సగం' అని ఉంది. సగం డబ్బుతో ఆదివారం గడవదు.

"నాలుగింటిదాకా టైమివ్వండి" అన్నాను. "నాలుగు దాటితే వెలుతురు మారుతుంది" అన్నారు. అంటే సరేనన్నట్టే.

అప్పటికి గాని నాన్నగారికి ఫోను చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదంటే... బండి ఆగిందని ఆయనకి నా నోటితో చెప్పడం ఇష్టంలేక. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఇంట్లో కూర్చున్నారు. ఆయన 'ఎలా ఆగింది' అని కూడా అడగలేదు.

"దగ్గిందా అమ్మాయ్, టక్కున ఆగిందా?"

"పొద్దున దగ్గింది నాన్నా."

"పొద్దున సంగతి కాదు. ఇప్పుడు."

ఆలోచించాను. దగ్గలేదు. ఊపులేదు. పాట మధ్యలో కరెంటు పోయినట్టు టక్కున ఆగింది. మూడుసార్లూ అంతే.

"గిన్నెలో పెట్రోలుందా?"

నిండుగా ఉంది.

"మరి కార్బురేటర్ ఎందుకు విప్పావ్?"

నా దగ్గర సమాధానం లేదు. విప్పానని ఆయనకెలా తెలిసిందని అడిగే ధైర్యమూ లేదు.

"అది కరెంటు జబ్బమ్మా. పెట్రోలైతే ఏడ్చి ఏడ్చి పోతుంది, కరెంటైతే మాటా పలుకూ లేకుండా పోతుంది. ఆగిన మరుక్షణం చూడాలి, చల్లారాక చూస్తే ఏముంటుంది? మళ్ళీ వేడెక్కించు. ఆగంగానే కాయిల్నుంచొచ్చే లావు వైరు ఊడదీసి, ఇంజను ఇనుముకి పావంగుళం ఎడంలో పట్టుకుని స్టార్టరు కొట్టించు. రబ్బరున్న చోట పట్టుకో, గుడ్డ చుట్టుకో."

ఇంజనుని మళ్ళీ ఇరవై నిమిషాలు తిప్పాం. ఆగింది. వైరు పట్టుకున్నాను. నీలం రవ్వ టపటపా రావాలి. ఏదీ రాలేదు.

"పార్కింగు లైటు బల్బు ఒకటి ఊడదీసి రెండు వైర్లు కట్టు" అన్నారు. ఇక్కణ్ణుంచి కొంచెం ఓపిక పట్టి చదవండి, ఎందుకంటే మొత్తం కథలో హీరో ఈ బల్బే. కాయిల్‌కి రెండు చిన్న కొనలుంటాయి. ఒకదానికి కీ నుంచి కరెంటొస్తుంది. రెండోదాన్నుంచి డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లకి పోతుంది. బల్బు ఒక వైరు ఆ రెండో కొనకి, ఇంకోటి ఇనుముకి తగిలించి ఇంజనుని తిప్పితే, పాయింట్లు విడినప్పుడు వెలగాలి, కలిసినప్పుడు ఆరాలి. అంటే మినుకు మినుకుమనాలి. మాది అసలు వెలగలేదు.

"డిస్ట్రిబ్యూటర్‌కి పోయే వైరుని కాయిల్ దగ్గర ఊడదియ్యి."

ఊడదీశాను. బల్బు భగ్గున వెలిగింది! అంటే కాయిల్ బాగానే ఉంది. దాన్నుంచి బయల్దేరిన కరెంటు డిస్ట్రిబ్యూటర్‌లో ఎక్కడో ఇనుములోకి దొంగదారిన పోతోంది.

"ఆ వైరు మళ్ళీ తగిలించి, లోపల కండెన్సర్ తీగ విప్పు."

విప్పాను. స్టార్టరు కొట్టించాను. బల్బు మినుకు మినుకుమంది. దొంగ దొరికాడు!

చిటికెన వేలి కణుపంత డబ్బా అది. దాని పనేమిటంటే, పాయింట్లు విడిపడ్డ ప్రతిసారీ అక్కడ రవ్వ దూకకుండా ఆ కరెంటుని తను మింగడం. అది మింగితేనే కాయిల్‌లో శక్తి ఒక్కసారిగా తెగి, ప్లగ్గులో అసలు రవ్వ పుడుతుంది. నిమిషానికి మూడువేల చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజనుకి సెకనుకి వంద రవ్వలు కావాలి. ఈ బుల్లి డబ్బాలో వేడెక్కితే లోపలి పొరలు ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి. చల్లారితే విడిపోతున్నాయి. అందుకే తడిగుడ్డ మూడుసార్లు గెలిచింది!

జబ్బు దొరికింది, మందేదీ? ఊరికి పాతిక కిలోమీటర్ల దూరం, టైము మూడుంబావు. అప్పుడు నా కళ్ళు బంగళా గేటు పక్కన నిలబడ్డ ప్రీమియర్ పద్మిని మీద పడ్డాయి. 1974లో ఆ పేరు పెట్టుకుని, బొంబాయి టాక్సీగా 2023 అక్టోబరు దాకా రోడ్డుమీద బతికిన బండి. ఇక్కడ మాత్రం దానికి వేషం 'నిలబడ్డ కారు'. కదలక్కర్లేదు. దాని డ్రైవరు చెట్టుకింద కునుకు తీస్తున్నాడు. లేపి విషయం చెప్పాను.

"రేపటిదాంక నాది కదలదు, తీస్కో అక్కా. గాని అది పోతే దొరకది, జెర పైలం" అన్నాడు. తనే విప్పిచ్చాడు కూడా.

మా డిస్ట్రిబ్యూటర్‌లో అది పట్టదు. పట్టక్కర్లేదు. చెడ్డదాన్ని లోపలే విడిగా వదిలేసి, దీని తీగని కాయిల్ రెండో కొనకి తగిలించి, డబ్బాని బయటే, రంగు గీకిన ఇనుముకి ఓ మరతో బిగించాం. ఆ కాసేపట్లో పాయింట్లు కూడా చూశాను, కొంచెం కాలి ఉన్నాయి. గీకాను. మధ్య ఎడం పదిహేను థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను, ఉండాలి. కొలిచే రేకు ఇంట్లో ఉంది. ప్రొడక్షన్ మేనేజరుగారి విజిటింగ్ కార్డు రమారమి అంతే మందం. అడిగి తీసుకుని పాయింట్ల మధ్య పెట్టి బిగించాను. ఆయన మొహం చూడాల్సింది!

మూడు యాభైకి స్టార్టయింది. అరగంట వదిలేశాం, ఆగలేదు. నాలుగు దాటింది కానీ, ఆ రోజు మబ్బొకటి అడ్డొచ్చి కెమెరామన్‌గారే ఆలస్యం చేశారు. దేవుడనేవాడు అప్పుడప్పుడూ కెమెరామన్ రూపంలో కూడా వస్తాడు.

మూడో టేకు ఓకే. కారు ఆగిపోయే సీనులో కారు ఆగకుండా ఉండటానికి పొద్దుట్నుంచీ పడ్డ పాట్లు! చివర్లో హీరోయిన్ చాటుగా కీ తిప్పి ఆపింది.

తర్వాత హీరోగారి వంతు. ఇక్కడ ఇంకో చిక్కు. తల వంచి బానెట్ కిందికి చూస్తే మొహం మీద నీడ అందంగా పడుతుందని దర్శకులు అనుకున్నారు. మా హెరాల్డు మొహమంతా ముందుకి వాలిపోయే సరికి తల పెట్టడానికి నీడే లేదు. ఆఖరికి ఆయన్ని టైరు మీద కూర్చోబెట్టి తీశారు. షాటుకి ముందు ఆయన నా దగ్గరికొచ్చి మెల్లిగా అడిగారు, "మేడమ్, ఏ వైరు లాగమంటారు?"

ఎన్నాళ్ళనుంచి ఎదురుచూసిన ప్రశ్న! "కాయిల్ జోలికి మాత్రం పోకండి, మీకు దండం పెడతాను. ఇదిగో, ఈ చోక్ తీగ పట్టుకోండి" అన్నాను. రేపు సినిమా వచ్చాక మీరు చూస్తారు, ఆయన కనుబొమలు ముడేసి ఓ తీగ లాగుతారు. దాంతో ఏ బండీ బాగుపడదు. నిర్భయంగా చూడండి.

పూర్తి అద్దె ముట్టింది. ఆదివారం హోటలాయన అడ్వాన్సు ఆయనకి లెక్కపెట్టి ఇచ్చేశాను. ఆయన చిన్నబుచ్చుకున్నారు, కాఫీ మాత్రం ఇచ్చారు. పద్మిని కండెన్సర్ ఆ మర్నాడే తీసుకెళ్ళి దాని డ్రైవరు చేతిలో పెట్టాను. మాకు కొత్తది రెండు దొరికాయి, ఒకటి బండిలో, ఒకటి డాష్‌బోర్డు అరలో.

ఆ సాయంత్రం పాకప్ చెప్పాక నాన్నగారికి మళ్ళీ ఫోను చేశాను. "ఏదీ, ఓసారి వినిపించు" అన్నారు. ఫోను తీసుకెళ్ళి ఇంజను పక్కన పెట్టాను. నిమిషం పైనే పట్టుకుని నిలబడ్డాను. ఏమంటారో అని గుండె దడదడలాడుతోంది. చెవి దగ్గర పెట్టుకున్నాక ఆయన గొంతు వినిపించింది.

"టాపెట్లు మోగుతున్నాయేమే? ఇంజను చల్లారాక పది థౌ పెట్టించు. రెండోది మరీ వదులుగా ఉంది."